దసరాకి ముందే పొగ పైపులు చూసుకోండి

సర్వర్ రూముకి దసరా అంటే మూడు గండాలు. ముందు పెయింటర్లు దిగుతారు, తర్వాత ఆయుధపూజ, ఇరవై రోజులకి దీపావళి. గాలి పీల్చి పొగను పట్టే సిస్టమ్‌కి ఈ మూడూ పడవు. ఏ కంపెనీదైనా దాన్ని మనవాళ్లు వెస్డా అనే అంటారు, నేనూ అలాగే అంటాను.

సీలింగ్‌కి ఉండే మామూలు డిటెక్టర్ పొగ తన దాకా వచ్చేవరకు ఆగుతుంది. వెస్డా ఆగదు. లోపలి ఫ్యాను పైపుకున్న రెండు, మూడు మిల్లీమీటర్ల రంధ్రాల్లోంచి గాలిని లాగి లేజర్ ముందుకు తెస్తుంది. మనిషి ముక్కుకి తెలియని పొగ కూడా దానికి తెలుస్తుంది. అగరుబత్తి సంగతి ఇక చెప్పాలా!

పెయింటింగ్ అయ్యాక నిచ్చెన వేసుకుని ప్రతి రంధ్రాన్నీ చూడండి. ఒకచోట ప్యానెల్ మీద 'లో ఫ్లో' (గాలి తక్కువగా వస్తోందని) ఫాల్ట్ వచ్చింది. టెక్నీషియన్ వచ్చి 'నార్మలైజ్' నొక్కాడు, ఫాల్ట్ పోయింది, సంతకం పెట్టించుకుని వెళ్లాడు. తర్వాత నేను పైకెక్కి చూస్తే నాలుగు రంధ్రాలు తెల్లటి ఎమల్షన్‌తో పూడుకుపోయి ఉన్నాయి. నార్మలైజ్ అంటే రిపేరు కాదు, 'ఇప్పుడున్న గాలే సరైన గాలి' అని మెషీన్‌కి నేర్పడం. ఫ్లో తగ్గితే రంధ్రాలో ఫిల్టరో మూసుకుపోయాయేమో, పెరిగితే ఎక్కడో పైపు జాయింటు ఊడిందేమో చూడండి. కారణం తెలిసేదాకా ఆ బటన్ జోలికి వెళ్లనివ్వకండి.

వెస్డా అలారంతో మంటలార్పే గ్యాస్ వదిలే ఏర్పాటు ఉంటే, పైపు క్లీనింగ్‌కి ముందు దాన్ని ఐసొలేట్ చేయాలి, అంటే పొరపాటున గ్యాస్ వదలకుండా విడదీయాలి. ప్యానెల్‌లో డిసేబుల్ చేశాం కదా అని ఊరుకోకూడదు. గ్యాస్ వెండర్‌ని పిలిచి సిలిండర్ మీది యాక్చువేటర్ (సిలిండర్‌ని తెరిచే భాగం) తీయించండి. అలారం వస్తే ఏసీ ఆగిపోయే, బిల్డింగ్ ఫైర్ అలారం మోగే లింకులుంటే అవి చూసేవాళ్లకి ముందే చెప్పండి. కంప్రెసర్ గాలి కొట్టేముందు పైపుని డిటెక్టర్ నుంచి ఊడదీయాలి, లేదంటే ఆ దుమ్మంతా లేజర్ చాంబర్‌లోకి పోతుంది. తిరిగి పెట్టేటప్పుడు డిటెక్టర్ దగ్గర పైపులు అంటించే సొల్యూషన్ పూయకండి, ఊరికే గట్టిగా దూర్చితే చాలు. ఫిల్టర్‌ని దులిపి వాడొద్దు, కొత్తది వేయండి.

చివరగా, అన్నిటికంటే దూరపు రంధ్రం దగ్గర టెస్ట్ పొగ పెట్టి స్టాప్‌వాచ్ నొక్కండి. సిస్టమ్ పెట్టినప్పటి రిపోర్టులో ఉన్న టైమ్‌తో పోల్చండి. దానికంటే బాగా ఎక్కువ పడితే పైపులో ఏదో ఉన్నట్టే. టెస్ట్ అయ్యాక ప్యానెల్‌లో అలారం పూర్తిగా రీసెట్ అయిందని చూశాకే యాక్చువేటర్ బిగించాలి. ఈ వరస తప్పితే గ్యాస్ ఖాళీ అవుతుంది, మనుషులు లోపలుంటే ఇంకా ప్రమాదం.

పూజకి నా సలహా ఒకటే: ర్యాకులకి పసుపు, కుంకుమ, పూలు చాలు, హారతి తలుపు బయటే. పైవాళ్లు లోపలే కావాలని పట్టుబడితే గ్యాస్‌ని ఐసొలేట్ చేసి, అలా ఉన్నంతసేపూ ఒక మనిషిని ఎక్స్‌టింగ్విషర్‌తో నిలబెట్టండి, యాక్చువేటర్ ఎప్పుడు తీశారో ఎప్పుడు పెట్టారో రిజిస్టర్‌లో రాయండి. కొబ్బరికాయ కూడా బయటే కొట్టించండి, నీళ్లు ఫాల్స్ ఫ్లోర్ (ఎత్తుగా వేసిన పలకల నేల) కిందకి పోతే అది వేరే కథ.

దీపావళి రాత్రి బయటి గాలి వచ్చే డ్యాంపర్‌ని (గాలి దారిని మూసే రెక్కని) వీలైనంత మూసేయండి. అలారం లెవెల్ పెంచాల్సి వస్తే పాత అంకెని కాగితం మీద రాసి ప్యానెల్ తలుపుకే అంటించండి. మర్నాడు పొద్దున డ్యూటీకి వచ్చేవాడు ముందు చూసేది దాన్నే.