మ్యాచ్ కంటే బండి దగ్గరే జాగ్రత్త

నెల్లూరు నుంచి చెన్నై నెహ్రూ స్టేడియం దాదాపు 175 కిలోమీటర్లు. ఒంగోలు వాళ్లయితే ఇంకో 120 కలుపుకోవాలి. ఫుట్‌బాల్ మ్యాచ్ తొంభై నిమిషాలే, బండిలో కూర్చునేది మాత్రం పోనూ రానూ ఏడెనిమిది గంటలు. అయినా అంటురోగం తిరిగే రోజుల్లో మనవాళ్ల టెన్షనంతా స్టేడియం మీదే. సీటు వదిలి సీటు ఇస్తున్నారా, గేటు దగ్గర శానిటైజర్ ఉందా అని అడుగుతారు. అయ్యప్పగుడి సెంటర్లో పన్నెండు మంది ఎక్కి, అద్దాలు బిగించుకుని పోయే టెంపో ట్రావెలర్ గురించి ఒక్కరూ అడగరు.

నేనూ అడగలేదు. రెండేళ్ల పైచిలుకు తర్వాత చెన్నై ఫుట్‌బాల్ జట్టు చెన్నైయిన్ ఆటలు మళ్లీ సొంతూళ్లో జనం ముందు మొదలైన 2022 అక్టోబరులో బండి మాట్లాడింది నేనే. కావలి నుంచి వచ్చినవాడు గొంతు గరగరగా ఉందన్నాడు. "ఏసీ పడలేదులే అబ్బయా" అని మేమే సర్దిచెప్పి ఎక్కించాం. గూడూరు దాటక ముందే పాటలు, డప్పు మొదలు. వారం తిరిగేసరికి ఐదుగురం మంచాన పడ్డాం. టెస్టు చేయించుకున్న ఇద్దరికీ కరోనా పాజిటివ్. అప్పటికే టీకాలు వేయించుకుని ఉన్నాం కాబట్టి జ్వరంతో సరిపోయింది.

ఇది మా ఒక్కరి కథే కాదు. 2021 జూన్ 18న లండన్ వెంబ్లీలో ఇంగ్లాండ్, స్కాట్లాండ్ ఆడాయి. ఆ యూరో టోర్నీ ఆటలు చూడ్డానికి ఎక్కడో ఒకచోట గుమిగూడినవాళ్లలో 1,991 మందికి కరోనా వచ్చిందని స్కాట్లాండ్ ఆరోగ్యశాఖ లెక్క తీసింది. వాళ్లలో 1,294 మంది లండన్ ప్రయాణం చేసినవాళ్లు. వెంబ్లీ లోపల కూర్చున్నది 397 మందే. మిగతావాళ్లు లండన్ దాకా వెళ్లినా స్టేడియంలో అడుగు పెట్టనివాళ్లే.

ఇటలీ సంగతి ఇంకా దగ్గరగా అనిపిస్తుంది నాకు. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కరోనా కేసు తేలింది నెల్లూరులోనే, 2020 మార్చిలో, ఇటలీ నుంచి వచ్చిన విద్యార్థికి. దానికి మూడు వారాల ముందు, ఫిబ్రవరి 19న, ఇటలీ జట్టు అటలాంటా ఆట చూడ్డానికి, దాని సొంతూరు బెర్గామో వైపు నుంచి సుమారు నలభై వేల మంది బస్సుల్లో, రైళ్లలో మిలాన్‌కు వెళ్లారు. తర్వాత ఇటలీలో బాగా దెబ్బతిన్న చోట్లలో బెర్గామో ఒకటి. అంతా ఆ ఒక్క మ్యాచ్ వల్లే అనలేం. కానీ వైరస్ పాకడానికి అదీ ఒక కారణమేనని ఆ ఊరి మేయరే అన్నాడు.

అందుకే ముందు బండి సంగతి. పన్నెండు సీట్ల బండికి ఎనిమిది మంది చాలు. వీలైనంత వరకు ఒకే ఇంటివాళ్లు, రోజూ కలిసి తిరిగేవాళ్లు ఒక బండిలో ఉండాలి. ఏసీ ఆపి, ముందు ఒక అద్దం, వెనక ఎదురు వైపున ఒక అద్దం దించితే గాలి బండంతా తిరిగి బయటికి పోతుంది. ఎండకు తట్టుకోలేక ఏసీ వేసినా, లోపలి గాలినే తిప్పే బటన్ ఆపేయండి. మాస్కు ఎన్-95 అయితే మేలు, గుడ్డ మాస్కు అంతగా కాపాడదు. పాటలు, అరుపులు గ్రౌండ్ కోసం దాచుకోండి. మామూలు మాట కంటే కేక వేసినప్పుడు నోట్లోంచి తుంపర్లు చాలా ఎక్కువ వస్తాయి.

రైలు మేలా అంటే, కిటికీలు తెరిచి ఉన్న స్లీపర్ అయితే మేలే, రద్దీ లేకుంటే. సెంట్రల్‌లో దిగితే స్టేడియం నడిచిపోయేంత దూరమే.

ఇక మనుషులు. లక్షణాలు బయటపడడానికి ఒకటి రెండు రోజుల ముందే కరోనా అంటుతుంది, కాబట్టి థర్మల్ గన్‌ను నమ్ముకోవద్దు. పైగా డోలో వేసుకుని వచ్చినవాడిని అది పట్టలేదు. బయల్దేరే రోజు పొద్దున ఇంట్లోనే కిట్‌తో టెస్టు చేసుకుని ఫొటో గ్రూపులో పెట్టాలి. నెగెటివ్ వచ్చినా గొంతు నొప్పి ఉంటే ఆగిపోవాల్సిందే. అసలు జ్వరం ఎందుకు దాస్తారో మాకు దెబ్బ తగిలాక గానీ తెలియలేదు. కట్టిన డబ్బు పోతుందని. ఇప్పుడు మనిషికి రెండు వందలు ఎక్కువ వసూలు చేసి పక్కన పెడుతున్నాం. ఒంట్లో బాగాలేక ఆగినవాడి బండి ఖర్చు అందులోంచి తిరిగి ఇస్తాం. అప్పటి నుంచి నిజాలు వాటంతటవే బయటికి వస్తున్నాయి.

రూల్స్ రాత్రికి రాత్రే మారతాయి. కరోనా రోజుల్లో తమిళనాడు ఈ-పాస్ (ముందే ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి) అడిగింది. తడ దాటాక చెక్‌పోస్టులో ఆపితే టికెట్ చూపించి బతిమాలినా లాభం ఉండదు. ముందు రోజు రాత్రి ఒకసారి చూసుకోండి.

తిండి దగ్గరే మాస్కులు తీస్తాం, కాబట్టి ఏసీ హోటల్ వద్దు. పులిహోరో చపాతీలో కట్టుకెళ్లి చెట్టు కింద తినండి. టీ కూడా బంకు బయటే. స్టేడియంలో ఆట అయిపోగానే గేటు మీద పడకుండా పావుగంట కూర్చోండి. రొట్టెల పండగ తోపులాట చూసినవాళ్లకు దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

డ్రైవర్‌ను మాత్రం మనమంతా మర్చిపోతాం. ఈరోజు మనతో గడిపి, రేపు ఇంకో కుటుంబాన్ని తిరుమల తీసుకుపోతాడు. అతనికీ మంచి మాస్కు ఇవ్వండి, అతనికి జ్వరం ఉందేమో ముందే అడగండి. మ్యాచ్ అయ్యేసరికి తొమ్మిదిన్నర, ఇల్లు చేరేది అర్ధరాత్రి దాటాకే. 2022 మార్చిలో గోవాలో జరిగే ఐఎస్‌ఎల్ ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్‌కు బైక్ మీద బయల్దేరిన ఇద్దరు కేరళ కుర్రాళ్లు కాసరగోడ్ దగ్గర రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. వైరస్ భయంతో బస్సు, రైలు మానేసి హైవే మీద బైకులెక్కితే ఆ భయం ఇంకో రూపంలో ఎదురవుతుంది. డ్రైవర్ మధ్యాహ్నం నిద్రపోయాడో లేదో కనుక్కోండి, పక్కన మాట్లాడేవాడు మేలుకుని ఉండాలి.

తిరిగొచ్చాక ఐదు రోజులు అవ్వాతాతల గదిలో పడుకోవద్దు, వాళ్లతో కూర్చుని తినొద్దు. ఎవరు ఏ సీట్లో కూర్చున్నారో రాసిన కాగితం పారేయకండి. మూడో రోజు, ఐదో రోజు గ్రూపులో ఒక్కో మెసేజ్ పెట్టి అందరినీ కనుక్కుంటాం. జవాబు ఇవ్వనివాడికి ఫోన్ చేస్తాం. వాడు గొంతు గరగర అంటే ముందు వాడి పక్క సీటువాడికి, ఆ తర్వాత డ్రైవర్‌కు చెబుతాం.