పీహెచ్‌పీలో ఫైలు అప్‌లోడ్: పాసుపుస్తకం ఫొటోను భద్రంగా అందుకోవడం ఎలా?

నల్లగొండ ప్రాంతపు బత్తాయి రైతుల సంఘానికి పీహెచ్‌పీ (సర్వర్‌లో నడిచే ప్రోగ్రామింగ్ భాష)తో వెబ్‌సైటు తయారుచేస్తున్నామని, సభ్యత్వం కోరే రైతు పట్టాదారు పాసుపుస్తకం మొదటి పేజీని ఫోన్‌తో ఫొటో తీసి ఫారం ద్వారా పంపాలని అనుకుందాం. ఫారం ట్యాగులో మెథడ్ 'పోస్ట్' గానూ, ఎన్‌క్‌టైప్ (డేటాను ఏ రూపంలో పంపాలో చెప్పేది) 'మల్టీపార్ట్ ఫారం డేటా' గానూ ఉండాలి. ఈ రెండోది మరిచిపోతే బ్రౌజర్ ఫైలు పేరు మాత్రమే పంపి ఊరుకుంటుంది.

ఎక్కువమందికి చిక్కు వచ్చేది పరిమాణం దగ్గర. పీహెచ్‌పీలో ఒక్కో ఫైలుకు మామూలు పరిమితి 2 ఎంబీ, మొత్తం పోస్ట్ డేటాకు 8 ఎంబీ. ఇప్పటి ఫోన్లతో తీసిన ఫొటో తరచుగా మొదటి గీత దాటేస్తుంది. అప్పుడు ఎర్రర్ విలువ 1 వస్తుంది కాబట్టి 'ఫొటో పెద్దదిగా ఉంది, చిన్నది చేసి పంపండి' అని రైతుకు తెలుగులోనే చెప్పవచ్చు. రెండో పరిమితి దాటినప్పుడు మాత్రం పోస్ట్, ఫైల్స్ శ్రేణులు (ఫారం సమాచారాన్నీ, ఫైళ్ల వివరాలనూ పీహెచ్‌పీ మనకు అందించే జాబితాలు) రెండూ ఖాళీగా వస్తాయి. అందుచేత అభ్యర్థన పోస్ట్ పద్ధతిలో వచ్చి, కంటెంట్ లెంగ్త్ (వచ్చిన డేటా పరిమాణం) సున్నా కాకపోయినా శ్రేణులు ఖాళీగా ఉన్నాయేమో ముందే పరీక్షించాలి. ఈ పరిమితులను స్క్రిప్టులో ఐఎన్‌ఐ సెట్ అనే ఫంక్షన్‌తో పెంచబోతే ఫలితం ఉండదు, ఎందుకంటే స్క్రిప్టు మొదలయ్యే వేళకే ఫైలు వచ్చి ఉంటుంది. పీహెచ్‌పీ సెట్టింగులుండే పీహెచ్‌పీ ఐఎన్‌ఐ ఫైలులో మార్చాలి. పీహెచ్‌పీకి ముందు ఎంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ ఉంటే దాని మామూలు పరిమితి 1 ఎంబీయే కనుక దాన్నీ పెంచాలి.

ఎర్రర్ 0 అయితే ఫైలు క్షేమంగా చేరినట్టు, 3 అయితే కొంత భాగమే వచ్చినట్టు, 4 అయితే రైతు అసలు ఫైలే ఎంచుకోనట్టు.

చేరినంత మాత్రాన నమ్మకూడదు. ఫైల్స్ శ్రేణిలోని పేరు, టైప్ రెండూ పంపినవారు చెప్పిన మాటలే. పీహెచ్‌పీ వాటిని సరిచూడదు. 'పాసుబుక్కు' అనే పేరుకు జేపీజీ అని తోక తగిలించి లోపల వేరే సరుకు పంపవచ్చు. పీహెచ్‌పీలోని ఫైల్‌ఇన్ఫో ఎక్స్‌టెన్షన్‌తో లోపలి రకాన్ని చూసి, జేపెగ్, పీఎన్‌జీ, పీడీఎఫ్ తప్ప మిగిలినవన్నీ తిరస్కరించాలి. నిషిద్ధాల జాబితా రాసుకోవడం నా దృష్టిలో వృథా శ్రమ, ఎప్పుడూ ఏదో ఒకటి మిగిలిపోతుంది.

పేరును కూడా మనమే పెట్టాలి. రైతు 'మా నాన్న పట్టా' అని తెలుగులో పేరు పెట్టినా, అదే పేరుతో ఇద్దరు పంపినా ఇబ్బంది రాకుండా, 16 యాదృచ్ఛిక బైట్లను హెక్సాడెసిమల్‌గా మార్చి కొత్త పేరుగా వాడుకుని, చివరి తోకను (జేపీజీ వంటిది) మనం గుర్తించిన రకాన్ని బట్టి చేర్చాలి. అసలు పేరు కావాలంటే డేటాబేసులో ఉంచుకోవచ్చు.

తాత్కాలిక ఫైలు అభ్యర్థన ముగియగానే తొలగిపోతుంది. ఈలోగా దాన్ని 'మూవ్ అప్‌లోడెడ్ ఫైల్' ఫంక్షన్‌తోనే తరలించాలి; నిజంగా ఫారం ద్వారా వచ్చిన ఫైలేనా అని చూసుకున్నాకే అది కదిలిస్తుంది. పాసుపుస్తకంలో భూమి వివరాలు ఉంటాయి కాబట్టి గమ్యం ఫోల్డర్ వెబ్ రూట్ (బ్రౌజర్‌తో నేరుగా తెరవగలిగే ఫోల్డర్) బయట ఉండాలి. సంఘం కార్యదర్శి లాగిన్ అయినప్పుడు వేరే స్క్రిప్టు దాన్ని చదివి చూపించాలి. అనుమతి లోపం వస్తే చాలామంది ఫోల్డర్‌కు 777 (అందరికీ అన్ని అనుమతులూ) ఇచ్చేస్తారు. అలా చేయకుండా ఫోల్డర్ యాజమాన్యాన్ని పీహెచ్‌పీ నడిచే యూజరుకు ఇచ్చి, అనుమతి 750 గా (యజమానికి అన్నీ, గుంపుకు చదవడం, ప్రవేశించడం మాత్రమే, ఇతరులకు ఏమీ లేకుండా) ఉంచితే సరిపోతుంది.