ధర మారిన ప్రతిసారీ డెవలపర్‌కు ఫోన్ చేయక్కర్లేదు
అనంతపురంలో ధర్మవరం పట్టుచీరల కొట్టుకు వెబ్‌సైట్ ఉందనుకోండి. అందులో తరచూ మారేవి ధరలూ, స్టాకూ. వాటిని ఒక గూగుల్ షీట్‌లో పెట్టండి. కంప్యూటర్‌లో ఫైల్, షేర్, పబ్లిష్ టు వెబ్ నొక్కితే ఎంబెడ్ కోడ్, అంటే షీట్‌ను సైట్‌లో చూపించే చిన్న కోడ్ ముక్క, వస్తుంది. దాన్ని ధరల పేజీలో ఒక్కసారి అతికించమని డెవలపర్‌కు చెప్పండి, చాలు. ఆ తర్వాత షీట్‌ను ఫోన్‌లో దిద్దినా సైట్‌లో మారుతుంది. కాకపోతే కొన్ని నిమిషాలు పడుతుంది, కంగారుపడి మళ్లీ మళ్లీ దిద్దకండి.

ఒక్క జాగ్రత్త. పబ్లిష్ చేసేటప్పుడు 'ఎంటైర్ డాక్యుమెంట్' అని వదిలేస్తే, పక్క ట్యాబ్‌లో రాసుకున్న మగ్గం ధరలు (నేతగాళ్ల దగ్గర మీరు కొన్న ధరలు) కూడా బేరమాడేవాళ్ల కంట పడతాయి! అమ్మకం ధరల ట్యాబ్ ఒక్కటే ఎంచుకోండి.

పండగ రోజుల వేళలు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లోనూ (గూగుల్‌లో వెతికితే కనబడే మీ కొట్టు వివరాలు) మార్చాలి, చాలామంది ముందు చూసేది అదే.

వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో కట్టిన సైటయితే ముందు బ్యాకప్, తర్వాత ప్లగిన్లు (సైట్‌కు అదనపు పనులు చేర్చే చిన్న ప్రోగ్రాములు) ఒక్కొక్కటిగా అప్‌డేట్. అన్నీ ఒకేసారి నొక్కితే ఏది సైట్‌ను పడగొట్టిందో తేలదు. డొమైన్ (సైట్ పేరు) ఖాతా మాత్రం మీ ఈమెయిల్ మీదే ఉండాలి. రెన్యువల్ మెయిల్ ఎప్పుడో పని మానేసిన కుర్రాడికి పోతుంటే, సైట్ ఆగిపోయాకే మీకు తెలిసేది.