సీవీటీ కారు సంరక్షణ – 3వ పాఠం: ఆయిల్ మార్చడం

సీవీటీ అంటే విడివిడి గేర్లకు బదులు పుల్లీలు, బెల్ట్‌తో నడిచే ఆటోమేటిక్ గేర్‌బాక్స్. పోయిన పాఠంలో అందులోని రెండు పుల్లీల గురించి, వాటి మధ్య తిరిగే బెల్ట్ గురించి చెప్పుకున్నాం. యాక్టివా స్కూటర్‌లోనూ ఇదే సూత్రం. కాకపోతే అందులో రబ్బరు బెల్ట్ పొడిగా తిరుగుతుంది. మన కార్లలో వందల కొద్దీ సన్నటి స్టీలు పలకలు కూర్చిన బెల్ట్ ఆయిల్‌లో తడుస్తూ తిరుగుతుంది. సీవీటీ ఎన్నాళ్లు మన్నుతుందో చాలావరకు ఆ ఆయిలే తేలుస్తుంది.

ఇంజిన్ ఆయిల్ పని రాపిడి తగ్గించడం. సీవీటీ ఆయిల్ పని అంత తేలిక కాదు. బేరింగుల దగ్గర జారాలి, వేడిని లాక్కుపోవాలి, పుల్లీలను నొక్కే ఒత్తిడిని మోయాలి. బెల్ట్, పుల్లీ కలిసే చోట మాత్రం పట్టు నిలపాలి. మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ పోస్తే ఈ పట్టు తప్పొచ్చు. బెల్ట్ జారి పుల్లీ మీద గీతలు పడ్డాయంటే ఆయిల్ మార్చినా అవి పోవు, పార్టులే మార్చాలి. అందుకే "అన్ని ఆటోమేటిక్‌లకూ ఇదే సార్" అంటూ షాపులో ఏ డబ్బా ఇచ్చినా తీసుకోకండి. 2014లో వచ్చిన హోండా సిటీ సీవీటీకి హెచ్‌సీఎఫ్-2 అనే ఆయిల్ వాడాలి. నిస్సాన్ సీవీటీలు చాలావాటికి ఎన్‌ఎస్-3 వాడతారు. మీ కారుకు ఏది అడిగారో మాన్యువల్‌లో చూసి, అదే పేరున్న డబ్బా కొనండి.

ఎప్పుడు మార్చాలి? "లైఫ్‌టైమ్ ఆయిల్, ముట్టుకోనక్కర్లేదు" అనే మాట నేను ఒప్పుకోను. వేడికి ఏ ఆయిలైనా పాడవుతుంది. హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ, మండుటెండల్లో తిరిగే కారుకు మాన్యువల్‌లో కఠిన వాడకం కింద ఇచ్చిన లెక్కే పాటించాలి. అలాంటి లెక్క ఇవ్వకపోతే 40,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చమని నా సలహా.

ఇక పనిలోకి దిగుదాం. కారు చదునైన నేల మీద, గట్టి స్టాండ్ల మీద నిలబడాలి. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరవద్దు. డ్రెయిన్ బోల్ట్ విప్పేముందు, ఆయిల్ నింపే బోల్ట్ వదులవుతుందో లేదో చూసుకోండి. అది బిగుసుకుపోయి ఉంటే పాత ఆయిల్ దిగిపోయాక కొత్తది పోయడానికి దారి ఉండదు. ఇంజిన్ ఆయిల్ బోల్ట్, సీవీటీ బోల్ట్ కొన్ని కార్లలో పక్కపక్కనే ఉంటాయి. ఇంజిన్ ఆయిల్ అనుకుని సీవీటీది దింపేయడం హడావిడి సర్వీసుల్లో జరిగే పొరపాటే. మీరు వేరేచోట చేయించుకుంటున్నా సరే, ఆ సమయంలో పక్కన నిలబడండి.

దిగిన ఆయిల్‌ను పారబోసే తొందర వద్దు. డ్రెయిన్ బోల్ట్ చివర అయస్కాంతం ఉంటే దాన్ని వేలితో తుడిచి, రెండు వేళ్ల మధ్య రుద్ది చూడండి. బూడిదరంగు మెత్తటి పేస్ట్ తగిలితే మామూలే, అది రోజువారీ అరుగుదల. వేలికి గుచ్చుకునే ముక్కలు, మెరిసే రేకుల్లాంటివి కనిపిస్తే ఆయిల్ మార్పుతో ఊరుకోకుండా మంచి మెకానిక్‌కు చూపించాలి. మాడు వాసన వచ్చినా అంతే.

తర్వాత కొలత. ఒకసారి డ్రెయిన్ చేస్తే మొత్తం ఆయిల్ రాదు, టార్క్ కన్వర్టర్‌లో (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం), సందుల్లో చాలా మిగిలిపోతుంది. సగం వస్తుందనుకుందాం. ఒక మార్పుతో 50 శాతం కొత్తదవుతుంది. కొంత దూరం నడిపి మళ్లీ మారిస్తే 75, మూడోసారికి 87.5. చాలాకాలం నిర్లక్ష్యం చేసిన కారుకు ఇలా విడతలుగా మార్చడమే మేలు. మెషిన్ పెట్టి ఒత్తిడితో ఫ్లష్ చేయించడం నాకు నచ్చదు. ఎంత దిగిందో కొలతపాత్రలో చూసుకుని, బోల్ట్‌కు కొత్త వాషర్ వేసి బిగించి, అంతే పోయండి.

అక్కడితో అయిపోలేదు. ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్రేక్ గట్టిగా తొక్కిపట్టి గేర్ లివర్‌ను పీ, ఆర్, ఎన్, డీ ఒక్కోదాంట్లో కొన్ని సెకన్లు ఉంచి మళ్లీ పీలోకి తేవాలి. అప్పుడు మాన్యువల్ చెప్పిన పద్ధతిలో లెవెల్ చూడాలి. కొన్ని కార్లకు డిప్‌స్టిక్ ఉంటుంది. చాలావాటికి ఉండదు, చెక్ బోల్ట్ విప్పితే ఎక్కువైన ఆయిల్ కారిపోవాలి. ఇక్కడే మన ఎండలతో చిక్కు. కొన్ని కార్లకు ఆయిల్ 35–45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే చూడాలి. మే నెలలో విజయవాడలో మధ్యాహ్నం కారు ఊరికే నిలబడి ఉన్నా ఆ వేడి వచ్చేస్తుంది, ఇంజిన్ తిప్పితే దాటిపోతుంది. వేడికి ఆయిల్ ఉబ్బి, ఉండాల్సిన దానికంటే ఎక్కువ బయటికి పోతుంది. చల్లారాక చూస్తే లోపల తక్కువ పడి ఉంటుంది. కాబట్టి ఎండాకాలంలో ఈ పని తెల్లవారుజామునే పెట్టుకోండి, ఉష్ణోగ్రత చూపే స్కానర్ దగ్గర ఉంచుకోండి.

ఈ వారం అభ్యాసం: మాన్యువల్ తెరిచి మీ కారు ఆయిల్ పేరు, ఎన్ని లీటర్లు, లెవెల్ ఏ వేడి దగ్గర చూడాలి అన్నవి మూడూ రాసుకోండి. కారు ఇప్పుడు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా పక్కనే రాయండి. వచ్చే పాఠంలో తిరుమల ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కకుండా గేర్ లివర్‌లోని ఎల్ (లో) మోడ్ ఎలా వాడాలో చూద్దాం.