రేట్ల ఒప్పందం గడువు దాటిందా? ముందు తేదీ తేల్చుకోండి

మిర్యాలగూడలో రైస్ మిల్లు హమాలీల సంఘానికి కాగితాలు రాసే పని నాది. మా నాయిన బస్తాలు మోసిన ముఠాకే, అంటే ఆ కూలీల జట్టుకే, ఇప్పుడు లెక్కలు చూస్తున్నాను. కూలి రేట్ల గడువు అయిపోయి నెలలు దాటినా మిల్లు వాళ్లు మాటలకు పిలవడం లేదని సూర్యాపేట, నాగర్‌కర్నూల్ వైపు నుంచి కూడా ముఠాలను నడిపే మేస్త్రీలు ఫోన్ చేస్తుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ఎంత పెంచుతారో తర్వాత. ఎప్పటి నుంచి పెంచుతారో ముందు తేల్చుకోండి. పది మంది ముఠా రోజుకు వెయ్యి బస్తాలు ఎత్తుతుందనుకోండి. బస్తాకు 2 రూపాయలు పెరగాల్సి ఉంటే రోజుకు 2 వేలు, మనిషికి 200. నెలకు పాతిక రోజుల పని చొప్పున ఆరు నెలలు జరిపితే ఒక్కో హమాలీకి 30 వేలు పోయినట్టే. పది మందిది కలిపితే 3 లక్షలు. ‘సీజన్ అయినంక చూద్దాం’ అన్న ప్రతిసారీ ఆ డబ్బు మిల్లు సేటు దగ్గరే ఉండిపోతుంది. అందుకే వాళ్లకు తొందర ఉండదు.

గడువు అయిపోగానే పాత రేటు రద్దవుతుందని చాలామంది అనుకుంటారు. అట్లా కాదు. ఒప్పందాన్ని ముగిస్తున్నామని రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి 60 రోజులు దాటేదాకా పాతదే నడుస్తుంది. కాబట్టి మొదటి పని ఉత్తరం. నేను రాసేది ఇంతే: ‘ఫలానా తేదీన కుదిరిన రేట్ల ఒప్పందం గడువు ఫలానా తేదీతో ముగిసింది. దీన్ని ముగిస్తున్నట్టు ఈ నోటీసు. కొత్త రేట్లు గడువు ముగిసిన మర్నాటి నుంచే లెక్కకట్టి, బకాయి ఒకేసారి ఇవ్వాలని కోరుతున్నాము.’ కింద సంఘం ముద్ర, ప్రతి ముఠా మేస్త్రీ సంతకం. మిల్లు ఆఫీసులో ఇచ్చి మీ కాపీ మీద తేదీ వేయించుకోండి. వాళ్లు తీసుకోబోమంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఇంకో కాపీ లేబర్ ఆఫీసుకు. నోటి మాట అక్కడ చెల్లదు.

విమానాలు నడిపే వాళ్లకూ ఈ బాధ తప్పలేదు. మా పిన్ని కొడుకు పైలట్ చదువుతూ చెప్పిన సంగతి ఇది. అమెరికాలో రైల్వేల కోసం 1926లో తెచ్చిన చట్టమే 1936 నుంచి విమాన సంస్థలకూ వర్తిస్తోంది. కాంట్రాక్టు మార్చుకోవాల్సిన తేదీ (సవరణ తేదీ) దాటినా పాతది అట్లాగే సాగుతుంది. సర్కారు మధ్యవర్తిత్వ బోర్డు ఇక రాజీ కుదరదని వదిలిపెట్టి, ఆపై 30 రోజులు గడిస్తే తప్ప సమ్మె చేయరాదు. అక్కడి డెల్టా విమాన సంస్థ పైలట్ల కాంట్రాక్టు 2019 చివరికి సవరణకు వస్తే, కొత్తది 2023 మార్చిలో ఖాయమైంది. మధ్యలో కరోనా కూడా వచ్చింది. మొత్తం మీద 34 శాతం పెంపు వచ్చింది, గడిచిన ఏళ్లకూ కలిపి ఒకేసారి సొమ్ము కట్టించుకున్నారు. పట్టుబట్టాల్సింది ఆ వెనకటి సొమ్ము కోసమే.

ఇక రేటు. బస్తాకా, క్వింటాలుకా అన్నది కాగితంలో విడిగా రాయించండి. 2022 జులైలో 25 కిలోల దాకా ఉన్న ప్యాకెట్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశాక 26 కిలోల సంచులు వచ్చాయి. 50 కిలోల బస్తా ఒక్కసారి ఎత్తే చోట ఇప్పుడు రెండుసార్లు వంగి లేవాలి. క్వింటాలు లెక్కన రేటు ఉంటే నడుముకు పని పెరిగింది, చేతికి పైసా పెరగలేదు. దిగుమతి (సరుకు దించడం), ఎగుమతి (లారీకి ఎక్కించడం), నెట్టు కట్టడం (బస్తాలు వరస మీద వరస పేర్చడం), తవుడు సంచులు, ఒక్కోదానికి ఒక్కో రేటు ఉండాలి. నెట్టు పదో వరస దాటితే అదనం అడగండి. అంత ఎత్తుకు ఎక్కిన మనిషి జారితే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం.

సమ్మె దాకా పోతే జాగ్రత్త. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం కనీసం 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. లేబర్ ఆఫీసర్ దగ్గర రాజీ చర్చలు నడుస్తున్నప్పుడు, అవి ముగిసిన ఏడు రోజుల దాకా పని ఆపరాదు. సగం మంది, అంతకంటే ఎక్కువ కూడబలుక్కుని ఒకేరోజు సెలవు పెట్టినా సమ్మె కిందికే వస్తుంది.

నా మాటగా ఒకటి. వడ్ల ట్రాక్టర్లు మిల్లు ముందు బారులు తీరినప్పుడు దిగుమతి ఆపకండి. పచ్చి వడ్లు వానకు తడిస్తే నష్టపోయేది సాగర్ ఎడమ కాల్వ కింది రైతు, మన అన్నదమ్ముడే. ఆపితే బియ్యం లారీల ఎగుమతి ఆపండి, సేటుకు తగిలేది అక్కడే. ‘మా వడ్లు దించుతుండ్రు గదా, వాళ్ల కూలి వాళ్లకియ్యుండ్రి’ అని రైతులే గేటు దగ్గర నిలబడి అడిగిన రోజులున్నాయి.

మాట కుదిరాక వెంటనే సంతకం పెట్టకండి. ముఠాలన్నిటినీ కూర్చోబెట్టి ప్రతి రేటూ గట్టిగా చదివి వినిపించండి, చదువురాని వాళ్లే ఎక్కువ ప్రశ్నలు అడుగుతారు. బకాయి ఏ తేదీలోపు ఇస్తారో రాయించండి. చివరి షరతుగా, ఈ గడువు ముగియడానికి మూడు నెలల ముందే కొత్త చర్చలు మొదలవ్వాలని, ఆలస్యమైనా రేట్లు గడువు తేదీ నుంచే లెక్కకట్టాలని పెట్టించండి. సంతకాలయ్యాక ఒక కాపీ కాంటా పక్క గోడకు అంటించండి.