హార్డ్ డిస్క్ పెట్టగానే వైఫై పడిపోతోందా?

ల్యాప్‌టాప్‌కి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తగిలించగానే వైఫై నెమ్మదిస్తోందా? వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదులుతోందా? రౌటర్‌ని అనుమానించే ముందు ఒకసారి ఆ డిస్క్ తీసి చూడండి. ఇలాంటి డిస్కులు చాలావరకు వాడే యూఎస్‌బీ 3.0 కనెక్షన్‌లో డేటా నడుస్తున్నప్పుడు పుట్టే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ దగ్గర కూడా ఉంటుంది. చాలా వైఫైలు, మౌస్ డాంగిల్స్ (వైర్‌లెస్ మౌస్ కోసం యూఎస్‌బీ పోర్టులో పెట్టే చిన్న రిసీవర్లు) వాడేది అదే. ఇంటెల్ 2012లోనే ఈ సంగతి వివరంగా రాసింది. నేను ఇది తెలియక రెండుసార్లు డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మార్చి చాలా టెన్షన్ పడ్డాను.

డాంగిల్‌ని డిస్క్‌కి అవతలి వైపు పోర్టులో పెట్టండి. డెస్క్‌టాప్ అయితే చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దాన్ని మౌస్ దగ్గరికి తెచ్చుకోండి, నాకు బాగా పనిచేసింది ఇదే. రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఉంటే వైఫైని దానికి మార్చేయండి. డిస్క్ కేబుల్ నాసిరకంది అయితే మాత్రం ముందు అది మార్చాలి.