స్లీప్ ఆప్నియా ఉన్నవారి పగటి పనితీరును కొలిచే పద్ధతి

నిద్రలో శ్వాస పదేపదే ఆగిపోయే జబ్బు స్లీప్ ఆప్నియా. దాన్ని తేల్చే నిద్ర పరీక్ష (స్లీప్ స్టడీ) రిపోర్టులో అందరూ ముందు చూసేది ఏహెచ్‌ఐ. నిద్రలో గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగిందో, ఎన్నిసార్లు తగ్గిందో ఆ అంకె చెబుతుంది. 5 దాటితే స్వల్పం, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. పగలు ఆ మనిషి ఏ పని చేసుకోగలుగుతున్నారో, ఏది వదిలేశారో మాత్రం అందులో ఉండదు. ఏహెచ్‌ఐ 40 ఉండి పనులన్నీ చేసుకునేవారు, 12 దగ్గరే డీలాపడేవారు ఇద్దరూ కనిపిస్తారు. కాబట్టి పనితీరును విడిగా కొలవాల్సిందే.

దీనికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన హూడాస్ 2.0 (WHODAS 2.0) అనే ప్రశ్నావళి వాడండి. 36 ప్రశ్నల ఫారానికి 20 నిమిషాలు పడుతుంది. రద్దీగా ఉండే ఓపీలో 12 ప్రశ్నలదే నయం, 5 నిమిషాల్లో అయిపోతుంది. ప్రతి ప్రశ్నా గడచిన 30 రోజుల గురించే. జవాబుకు 0 (ఇబ్బంది లేదు) నుంచి 4 (విపరీతమైన ఇబ్బంది, లేదా అసలు చేయలేను) వరకు మార్కు. ప్రశ్నను ఫారంలో ఉన్నట్టే చదవాలి, సొంత మాటల్లో మార్చి అడిగితే ఒకరి స్కోరును మరొకరి స్కోరుతో పోల్చలేం.

తప్పులు ఎక్కువగా జరిగేది "ఇబ్బంది" అన్న మాట దగ్గరే. ఇంటిపని గురించి అడగ్గానే చాలామంది ఆడవాళ్లు "చేసుకుంటూనే ఉన్నానండీ" అంటారు. అక్కడ 0 వేసి ముందుకు వెళ్లిపోకండి. ఎక్కువ శ్రమ పడటం, నెమ్మదిగా చేయడం, నొప్పి, చేసే తీరు మార్చుకోవడం ఇవన్నీ ఇబ్బంది కిందికే వస్తాయని మొదట్లోనే చెప్పండి. గంటలో అయ్యే వంట మధ్యలో రెండుసార్లు కూలబడి రెండు గంటలు పడుతోందంటే అది 0 కాదు. ఒంట్లో ఓపిక లేక పని పూర్తిగా మానేస్తే 4. కోడలు వచ్చాక వంట ఆమె చూసుకుంటోందంటే ఆ ప్రశ్న వర్తించదు. ఈ రెండింటికీ తేడా అడిగి తెలుసుకోవాలి.

లెక్క తేలిక. పన్నెండు మార్కులూ కూడితే మొత్తం 48కి వస్తుంది. 16 వస్తే 16ను 48తో భాగించి 100తో హెచ్చిస్తే సుమారు 33 శాతం. ఒక్క జవాబు ఖాళీగా ఉంటే మిగతా 11 జవాబుల సగటును అక్కడ వేయవచ్చు. రెండు ఖాళీలుంటే ఆ ఫారం మొత్తం లెక్కకు పనికిరాదు.

మొత్తం అంకెతోనే ఆగిపోవద్దు. హూడాస్ ఏ ఒక్క జబ్బునూ విడదీసి చూడదు. మోకాళ్ల నొప్పులున్నవారికి అరగంట నిలబడటం, కిలోమీటరు నడవటం దగ్గర మార్కులు పెరుగుతాయి, అవి ఆప్నియా ఖాతాలో పడకూడదు. పది నిమిషాలు మనసు నిలపడం, కొత్త పని నేర్చుకోవడం, మనసు కుంగడం, రోజువారీ ఉద్యోగం, ఇంటిపని అనే ఐదు ప్రశ్నల జవాబులు విడిగా రాసిపెట్టుకోండి. నిద్రలేమి దెబ్బ ముందు తెలిసేది వీటిలోనే.

పక్కనే పగటి నిద్రమత్తును కొలిచే ఎప్‌వర్త్ స్కేలు కూడా నింపించండి. కునుకు పట్టే అవకాశం ఎంతో అడిగే ఎనిమిది సందర్భాలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 24. 10 దాటితే పగటి నిద్రమత్తు ఎక్కువన్నట్టే. ఇక్కడ "అలసట"ను "కునుకు"తో కలిపేయకండి. ఒళ్లు బరువుగా ఉందా అని కాదు, కళ్లు మూతపడతాయా అని అడగాలి. కారు ఎక్కనివారు కారు గురించిన ప్రశ్నలను వదిలేయకుండా, ఎక్కితే కునుకు పట్టే అవకాశం ఎంతో ఊహించి చెప్పాలి. వీలైతే భార్యనో భర్తనో కూడా అడగండి, ఏళ్ల తరబడి కునికిపాట్లు పడుతున్నవారికి అదే మామూలైపోయి ఉంటుంది.

సీప్యాప్ (నిద్రలో మాస్కు ద్వారా గాలి ఒత్తిడి ఇచ్చే మెషీన్) మొదలుపెట్టే ముందు ఒకసారి, మూడు నెలలకు మరోసారి, అదే ఫారంతో, అదే పద్ధతిలో కొలవండి. ఒకసారి రోగే నింపి, మరోసారి మీరు అడిగి రాస్తే తేడా ఎందుకొచ్చిందో తేల్చలేం. స్కోరు కదలకపోతే ముందు మెషీన్‌లో నమోదైన గంటలు చూడండి. కనీసం 70 శాతం రాత్రుల్లో 4 గంటలైనా వాడకపోతే చికిత్స పనిచేయలేదని అనడానికి లేదు.

ఈ స్కోరుతో సదరం సర్టిఫికెట్ వస్తుందా అని కొందరు అడుగుతారు. రాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో స్లీప్ ఆప్నియా లేదు, ఆ మాట ముందే చెప్పేయండి. బండి నడుపుతూ కునుకు పట్టిందని ఎవరైనా అంటే మాత్రం స్కోరు ఎంతొచ్చినా సరే, నిద్రమత్తు తగ్గేదాకా స్టీరింగు పట్టవద్దని చెప్పి ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపండి.